ప్లే నొక్కకముందే: దయ్యాల సినిమా డిస్కుల్లో మెనూ కళ

దయ్యాల సినిమా డిస్కును ప్లేయర్లో పెట్టగానే సినిమా మొదలైపోదు. ముందు సంస్థ ముద్ర వస్తుంది, దాని వెనకే కాపీరైటు హెచ్చరిక వస్తుంది. ఆ రెండూ పోయాక ఒక దృశ్యం తెర మీదికి వచ్చి నిలుస్తుంది. పక్కన నాలుగైదు మాటలుంటాయి: సినిమా చూడటానికి ఒకటి, సన్నివేశాలు ఎంచుకోవటానికి ఒకటి, భాష మార్చుకోవటానికి ఒకటి, అదనపు విశేషాలకి ఇంకొకటి. వెనక సన్నగా ఏదో శబ్దం నడుస్తూ ఉంటుంది. దీన్నే మెనూ అంటారు. పుస్తకానికి విషయసూచిక ఏ పని చేస్తుందో డిస్కుకి మెనూ ఆ పని చేస్తుంది. హాస్యచిత్రానికైనా కుటుంబ కథకైనా అంతవరకూ చాలు. భయం పుట్టించే సినిమాకి చాలదు.

ఎందుకు చాలదో తెలియాలంటే చూసే చోటును గుర్తుచేసుకోవాలి. సినిమా హాల్లో ప్రేక్షకులను సిద్ధం చేసే పని హాలే చేసిపెడుతుంది. లైట్లు ఆరిపోతాయి, తలుపులు మూసుకుంటాయి, పక్కనున్న కొత్తవాళ్లందరూ ఒక్కసారిగా మాటలు మానేస్తారు. పద్యనాటకంలో తెర లేవకముందే హార్మోనియం శ్రుతి అందుకుని జనాన్ని కూర్చోబెట్టినట్టుగా, చీకటే ఆ పని చేస్తుంది. ఇంట్లో ఆ సాయం లేదు. ట్యూబులైటు వెలుగుతూనే ఉంటుంది, వంటింట్లో కుక్కర్ కూత వేస్తుంది, వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తుంటారు. రోజూ వార్తలు చూసే ఆ టీవీలోంచే ఇప్పుడు భయం రావాలి. ఇంటి సందడికీ సినిమాకీ మధ్యనున్న ఆ అరనిమిషమే మెనూ చేతిలో ఉన్న సమయం. సమర్థుడైన రూపకర్త ఆ అరనిమిషంలో గది స్వభావాన్నే మార్చేయగలడు.

వీడియో క్యాసెట్టుకి ఈ అవకాశం లేదు. టేపు ఒకే వరసలో నడుస్తుంది, ఎక్కడ ఆపితే అక్కడినుంచే మళ్లీ మొదలవుతుంది. ఎంచుకోవటమన్న మాటే దానికి తెలియదు. డీవీడీ 1996 నవంబరులో జపాన్లోనూ, 1997 మార్చిలో అమెరికాలోనూ అమ్మకానికి వచ్చాక పరిస్థితి మారింది. లేజరు కిరణం డిస్కు మీద ఎక్కడికైనా దూకగలదు కాబట్టి, ఎక్కడికి దూకాలో అడిగే ఒక తెర అవసరమయింది. తొలినాళ్లలో ఆ తెర మీద పోస్టరు బొమ్మ అతికించి, నాలుగు మాటలు రాసి సరిపెట్టేవారు. రెండు మూడేళ్లలో కదిలే మెనూలు, శబ్దంతో కూడిన మెనూలు మామూలయిపోయాయి. 1999లో న్యూలైన్ సంస్థ 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్' చిత్రాలు ఏడింటినీ ఒక పెట్టెలో పెట్టి అమ్మినప్పుడు, అదనంగా ఇచ్చిన ఎనిమిదో డిస్కులో చూసేవాళ్లు దారులు వెతుక్కుంటూ తిరిగే ఒక చిక్కుదారుల కట్టడాన్నే కట్టిపెట్టింది. మెనూ అంటే కాగితం లాంటిదన్న అభిప్రాయం అప్పటికే చెదిరిపోయిందన్నమాట.

తెలుగునాట ఎక్కువ ఇళ్లకి ముందు చేరింది డీవీడీ కాదు, వీసీడీ. 1993లో రూపొందిన ఆ పద్ధతిలో ఒక డిస్కులో పట్టేది దాదాపు 74 నిమిషాల సినిమా. అందుకే మన సినిమాలు రెండు మూడు డిస్కులుగా వచ్చేవి. వీసీడీలో మెనూ పెట్టదలచుకుంటే కదలని బొమ్మ మీద అంకెలు వేసి, రిమోట్ మీద ఆ అంకె నొక్కమనాలి. అంతకుమించి పెద్దగా అవకాశం లేదు. చాలా డిస్కుల్లో అదీ ఉండేది కాదు, పెట్టగానే పేర్లు పడేవి. 2007 ప్రాంతంలో మోసర్ బేర్ సంస్థ 28 రూపాయలకి వీసీడీ, 34 రూపాయలకి డీవీడీ అమ్మటం మొదలుపెట్టాక డీవీడీ కూడా మామూలు ఇళ్లకి వచ్చింది. అయితే చవక డిస్కులో మెనూ మీద ఖర్చుపెట్టే వీలు తక్కువ. కాబట్టి ఈ కళ పండిన చోటు చూడాలంటే అమెరికా, జపాన్, బ్రిటన్ దేశాల డిస్కులవైపే చూడాలి.

మెనూ ఎలా పనిచేస్తుందో కొంత తెలిస్తేగాని అందులోని నేర్పు అర్థం కాదు. డీవీడీ మెనూ అంటే లోలోపల ఒక చిన్న వీడియో ముక్క. సాధారణంగా అరనిమిషంనుంచి ఒక నిమిషందాకా నడిచి, మళ్లీ మొదటికి వస్తుంది. ఈ తిరుగుడునే లూపు అంటారు. దాని మీద పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది. ఏ మాట మీద ఉన్నామో వెలిగించి చూపించేది ఆ పొరే. అందులో ఒకసారికి నాలుగే రంగులు వాడవచ్చు, వాటిలో ఒకటి మామూలుగా కంటికి కనబడని రంగే. ఒక తెర మీద గరిష్ఠంగా 36 బటన్లు పెట్టవచ్చు. ప్రతి బటన్‌కీ నలుదిక్కులా ఏ బటన్ ఉందో ముందే రాసిపెట్టాలి. పై బాణం నొక్కితే ఎక్కడికి, కింది బాణం నొక్కితే ఎక్కడికి అన్నది రూపకర్త నిర్ణయం. ప్లేయరుకి ఒక చిన్న జ్ఞాపకశక్తి కూడా ఉంది. చూసేవాళ్లు ఇంతకుముందు ఎక్కడికి వెళ్లొచ్చారో 16 గడుల్లో గుర్తుపెట్టుకోగలదు. చీటీ తీసినట్టు ఒక అంకెను ఎంచుకోగలదు కూడా. ఆ అంకెను బట్టి ఒక్కోసారి ఒక్కో మెనూ చూపించవచ్చు. నిన్న లేని నీడ ఇవాళ కిటికీలో కనబడిందంటే, దాని వెనక ఉన్నది ఈ చిన్న లెక్కే.

కంటికి సంబంధించిన సంగతులు ముందు చూద్దాం. భయానికి నలుపు, ఎరుపు కావాలని అందరికీ తోస్తుంది. కానీ డీవీడీకి అత్యంత కష్టమైన జంట అదే. డీవీడీలో వెలుగునీడల వివరం పూర్తిగా ఉంటుంది, రంగుల వివరం మాత్రం నాలుగోవంతే ఉంటుంది. నాలుగు చుక్కలకి కలిపి ఒకే రంగు రాసుకుంటుంది. నల్లటి నేల మీద ఎర్రటి సన్నని అక్షరాలు వేస్తే అంచులు చెదిరి, రంగు పక్కకి కారినట్టు కనబడుతుంది. పాత టీవీల్లో ఈ కారటం మరీ ఎక్కువ. ఇక చీకటి మెల్లగా మసకలోకి జారే చోట మృదువైన నీడకి బదులు మెట్లుమెట్లుగా పట్టీలు తేలతాయి. ఈ అడ్డంకుల వల్లనే మంచి భయానక మెనూలు ముదురు ఎరుపును వదిలేసి తుప్పు రంగునీ, పాచి పట్టిన ఆకుపచ్చనీ, ఎండిన ఎముక తెలుపునీ ఆశ్రయించాయి. గీతలు, గీరలు, నలకలు, కాలిన ఫిల్ము అంచులు వేసి నేలను గరుకుగా ఉంచితే పట్టీలు కనబడవు. లోపాన్ని కప్పటానికి చేసిన ఆ పనే క్రమంగా భయానికి గుర్తుగా స్థిరపడింది.

ఆ గరుకు రూపానికి ఒక ముఖ్యమైన మూలం 1995లో వచ్చిన 'సెవెన్' సినిమా మొదట్లో పడే పేర్లు. వాటిని రూపొందించిన కైల్ కూపర్ అక్షరాలను చేత్తో ఫిల్ము మీద గీరించాడు. అక్షరాలు వణుకుతాయి, ఎగురుతాయి, ఒక్క క్షణం తలకిందులవుతాయి. హంతకుడే ఆ పేర్లు రాస్తున్నాడన్న అనుమానం ప్రేక్షకుడికి కలుగుతుంది. ఆ తర్వాత పది పదిహేనేళ్లపాటు హాలీవుడ్ భయానక చిత్రాల డిస్కులు ఆ వణుకును అరువు తెచ్చుకుంటూనే వచ్చాయి. అరువు ఎక్కువైన కొద్దీ బలం తగ్గింది. ప్రతి మెనూలోనూ అక్షరాలు వణుకుతుంటే ఏ వణుకూ ఎవరినీ కదిలించదు. మొదటి పనిలో వణుకుకి కారణం కథలో ఉంది, తర్వాతి వాటిలో చాలాచోట్ల కారణం ఫ్యాషన్ మాత్రమే.

మెనూలో ఏ దృశ్యాన్ని చూపించాలన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. సినిమాలోని భయంకరమైన ముఖాన్ని తెచ్చి మెనూలో పెట్టటం తేలిక. అది తప్పు. ఆ ముఖం కోసం సినిమా గంటసేపు ఎదురుచూపిస్తుంది. మెనూ దాన్ని ముందే చూపించి, లూపులో పదిసార్లు తిప్పి, అలవాటు చేసేస్తుంది. 1942లో జాక్ టూర్నర్ తీసిన 'క్యాట్ పీపుల్' కాలంనుంచీ భయానక చిత్రాలకి తెలిసిన విషయమే ఇది: నీడల్లో సగం దాచిన జంతువే నిండు వెలుగులో నిలబెట్టిన జంతువు కన్నా ఎక్కువ భయపెడుతుంది. అందుకని మంచి మెనూ మనిషిని కాకుండా చోటును చూపిస్తుంది. ఖాళీ నడవా, సగం తెరిచిన తలుపు, ఊగటం ఇప్పుడే ఆగిన ఉయ్యాల, బావి గట్టు. మనిషి లేని చోటును చూస్తున్నకొద్దీ, అక్కడికి ఎవరో రావాల్సి ఉందనిపిస్తుంది. ఆ ఎదురుచూపే సినిమాకి పెట్టుబడి.

ఇక శబ్దం. భయానక మెనూ గెలిచినా ఓడినా ఎక్కువగా ఇక్కడే తేలుతుంది. మెనూ తెర మీదికి వచ్చేటప్పటికి చాలామంది టీవీవైపు చూస్తూ ఉండరు. నీళ్ల సీసా కోసం లేస్తారు, తలగడ సర్దుకుంటారు. కళ్లు మరోవైపున్నా చెవులు తెరిచే ఉంటాయి. పక్కగదిలో ఉన్నవాళ్లకి కూడా మెనూ వినిపిస్తూనే ఉంటుంది. అందువల్ల మెనూ ముందు చేరేది చెవికే.

బాగా వాడుకలో ఉన్న పద్ధతి ఎడతెగని మంద్రనాదం. బాణీ ఉండదు, తాళం ఉండదు, ఒక లోతైన మోత మాత్రం సాగుతూ ఉంటుంది. దాని మీద అప్పుడప్పుడూ ఒక చిన్న చప్పుడు: నేల చెక్క కిర్రుమనటం, గొలుసు కదలటం, ఊపిరి. చప్పుళ్ల మధ్య ఎడం సమానంగా ఉండకూడదు. సమానంగా ఉంటే మనసు లెక్క కట్టేస్తుంది. లెక్కకి అందినది భయపెట్టదు. ఎడాలు ఎగుడుదిగుడుగా ఉంటే చెవి తర్వాతి చప్పుడు కోసం కాచుకుని కూర్చుంటుంది.

కొన్ని శబ్దాలు వినగానే ఒళ్లు గగుర్పొడవటానికి శరీర సంబంధమైన కారణం కూడా ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజలెస్ శాఖలో జంతు ప్రవర్తనను పరిశోధించే డేనియల్ బ్లమ్‌స్టీన్, మార్మట్ అనే నేల ఉడుత జాతి ప్రాణుల ఆపద కేకలను అధ్యయనం చేశాడు. భయపడిన ప్రాణి గొంతు తన పట్టు దాటిపోయి బొంగురుగా, చీలికలుగా, గరగరగా పలుకుతుంది. 2010లో ఆయన, సహపరిశోధకులతో కలిసి, వందకు పైగా సినిమాల శబ్దాలను ఈ దృష్టితో పరీక్షించాడు. ప్రేక్షకుల ఉద్వేగాలను కదిలించటానికి సినిమాలు ఇలాంటి చీలిన శబ్దాలను వాడుకుంటున్నాయన్న ఆధారాలు దొరికాయి. వయొలిన్ తీగ మీద కమాను బలంగా అదిమి గీసినప్పుడు వచ్చే కీచు మెనూలో వినబడగానే చేతి మీద రోమాలు లేస్తే అది పిరికితనం కాదు. ఆపదలో ఉన్న పిల్ల గొంతును గుర్తుపట్టటానికి చాలా ప్రాణులకి ఉన్న అలవాటది.

బాణీ ఉన్న మెనూల సంగతి వేరు. లూపులో తిరగాలంటే బాణీకి ముగింపు ఉండకూడదు. జాన్ కార్పెంటర్ 1978లో తన 'హాలోవీన్' సినిమాకి తానే కట్టిన పియానో బాణీ ఇందుకు అచ్చంగా సరిపోతుంది. అది అయిదు దెబ్బల లెక్కలో నడుస్తుంది. 1973 నాటి 'ది ఎక్సార్సిస్ట్' సినిమాతో పేరు తెచ్చుకున్న మైక్ ఓల్డ్‌ఫీల్డ్ 'ట్యూబులర్ బెల్స్' బాణీ ఏడు, ఎనిమిది లెక్కల మధ్య మారుతూ పోతుంది. ఖండగతీ మిశ్రగతీ తెలిసిన తెలుగు చెవికి అయిదూ ఏడూ భయపెట్టే అంకెలు కావు, హాయిగా ఊపే నడకలే. నాలుగు దెబ్బల లెక్కకి అలవాటుపడిన పాశ్చాత్య శ్రోతకి మాత్రం అడుగు ఎక్కడ పడుతుందో అంతుపట్టదు. కార్పెంటర్ బాణీ మన చెవిని కూడా పట్టుకోవటానికి కారణం అందులోని పట్టుదల. అవే స్వరాలు ఆగకుండా తిరిగి తిరిగి వస్తాయి. ఉన్నట్టుండి మొత్తం బాణీ అరస్వరం కిందికి జారి, ఏమీ జరగనట్టు అదే పరుగు సాగిస్తుంది. వెంటపడేవాడు అలిసిపోడన్న కథాంశాన్ని ఆ పియానో ముందే చెప్పేస్తుంది.

లూపు అనగానే ఒక పెద్ద చిక్కు కూడా ఎదురవుతుంది. వీడియో ముక్క చివరికి రాగానే లేజరు డిస్కు మీద మళ్లీ మొదటి చోటుకి వెనక్కి దూకాలి. ఆ దూకులో బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోతుంది, శబ్దం తెగుతుంది. ఆ తెగు మొత్తం మాయను చెడగొట్టగలదు. నేర్పరులు దీనికి రకరకాల దారులు వెతికారు. బొమ్మను నల్లగా ఆర్పేసి మళ్లీ వెలిగించటం ఒకటి. తెగిన చోట మెరుపు మెరిపించటం, టీవీ ప్రసారం పోయినప్పుడు వచ్చే తెల్ల చుక్కల రొద పెట్టటం ఇంకొకటి. భయానక చిత్రాలకి ఇక్కడ కలిసొచ్చే విషయం ఉంది. ఇతర చిత్రాల మెనూలో బొమ్మ గక్కున ఆగితే అది లోపం. దయ్యాల సినిమా మెనూలో అదే ఒక అపశకునంలా పనికొస్తుంది.

మెనూలో ఉలికిపాటు పెట్టాలా వద్దా అన్న విషయంలో చాలా డిస్కులు పొరపాటు చేశాయి. నిశ్శబ్దంగా ఉన్న తెర మీదికి హఠాత్తుగా ఒక చెయ్యి దూసుకొచ్చి కేక వినబడితే మొదటిసారి ఎవరైనా అదిరిపడతారు. నిమిషం తర్వాత లూపు తిరిగొస్తుంది. అదే చెయ్యి, అదే కేక. రెండోసారి చిరాకు, మూడోసారి నవ్వు. నవ్విన ప్రేక్షకుడిని మళ్లీ భయంలోకి తేవటం సినిమాకి తలకి మించిన పనవుతుంది. ఉలికిపాటు ఒక్కసారి పనిచేసే సరుకు, లూపు పదేపదే తిరిగే యంత్రం. రెండింటికీ పొత్తు కుదరదు. కుదర్చాలంటే ఒకే మార్గం: మెనూను అయిదారు నిమిషాలు సాగే ముక్కగా తయారుచేసి, ఎప్పుడో ఒకచోట, అసలు కనిపెట్టలేనంత చిన్న మార్పు పెట్టాలి. వెనక కిటికీలో దీపం ఆరిపోవాలి, అంతే. చూసినవాళ్లు పక్కవాళ్లను అడుగుతారు, ఆ దీపం ఇందాక వెలుగుతోంది కదా అని. ఒక మంచి మెనూ సాధించగలిగిన గొప్ప విజయం ఆ ప్రశ్నే.

ఇన్నిటినీ మించిన ఆయుధం ఇంకొకటుంది. అది రిమోట్. ఇంట్లో సినిమా చూసేవాళ్ల ధైర్యమంతా చేతిలోని ఆ రిమోటే. భయం వేస్తే ఆపవచ్చు, ముందుకి తోసేయవచ్చు. హాల్లో లేని ఆ వెసులుబాటు ఇంట్లో భయాన్ని సగం చంపేస్తుంది. మెనూ అన్నది డిస్కులో రిమోట్‌తో నేరుగా మాట్లాడే భాగం. కాబట్టి ఆ ధైర్యాన్ని లాక్కోగలిగింది కూడా మెనూయే. దాన్ని అందరికన్నా బాగా చేసి చూపించిన డిస్కు 'ది రింగ్'.

కోజి సుజుకి 1991లో రాసిన నవల ఆధారంగా హిడియో నకాటా 1998లో జపాన్లో ఈ కథను సినిమాగా తీశాడు. గోర్ వెర్బిన్‌స్కీ 2002లో దాన్ని అమెరికాలో మళ్లీ తీశాడు. కథలో ఒక వీడియో టేపు ఉంటుంది. అందులో పొంతన లేని దృశ్యాలు కొన్ని వస్తాయి. టేపు చూడటం పూర్తికాగానే ఫోను మోగుతుంది. చూసినవాళ్లకి ఇక ఏడు రోజులే ఆయుష్షు. ఏడో రోజున బావిలోని పిల్ల టీవీ అద్దంలోంచి గదిలోకి వస్తుంది. ఈ సినిమా అమెరికన్ డీవీడీ 2003 మార్చిలో విడుదలయింది. దాని మెనూలో కింది బాణం నొక్కుతూ పోతే ఒక దశలో వెలుగు గుర్తు కనబడకుండా పోతుంది. ఏ మాట మీదా లేదు, ఎక్కడుందో తెలియదు. ఆ స్థితిలో ఎంటర్ నొక్కితే కథలోని ఆ శాపగ్రస్తమైన టేపు మొత్తంగా నడవటం మొదలుపెడుతుంది. ఆపుదామంటే ఆగదు, ముందుకి తోద్దామంటే కదలదు. రిమోట్ చచ్చిపోతుంది. టేపు అయిపోయి మెనూకి తిరిగొచ్చాక ఫోను మోగుతుంది.

ఇందులో వాడిన సాంకేతికతలో కొత్తదేమీ లేదు. కనబడని గుర్తు అంటే పొరలోని పారదర్శకమైన రంగు. రిమోట్ పనిచేయకపోవటం కాపీరైటు హెచ్చరికను ఎవరూ దాటిపోకుండా డీవీడీ నిబంధనల్లో పెట్టిన నిషేధపు ఆజ్ఞ. ప్రతి డిస్కులోనూ విసుగు పుట్టించే ఆ ఆజ్ఞను ఇక్కడ కథలోని శాపంగా మార్చారు. ఫోను మోత కేవలం ఒక శబ్దం ముక్క. కానీ 2003లో చాలా ఇళ్లలో తీగ ఫోను టీవీకి దగ్గరలోనే ఉండేది. మోగింది టీవీలోనా, బల్ల మీదా అన్న సందేహం ఒక్క క్షణం చాలు. అప్పటిదాకా కథ తెరకి అవతల ఉంది, ఆ క్షణంలో ఇవతలికి వచ్చేసింది. బావిలో పిల్ల చేసిన పనినే మెనూ కూడా చేసింది. అదే డిస్కులో అదనపు విశేషంగా పెట్టిన ఒక చిన్న చిత్రానికి 'డోంట్ వాచ్ దిస్' అని పేరుపెట్టారు. చూడవద్దని రాసి ఉన్న బటన్ మీద వేలు పెట్టటం కూడా కథలో పాత్రలు చేసిన తప్పును తిరిగి చేయటమే. సినిమా కథకీ మెనూ పనికీ ఇంత లోతైన పొత్తు కుదిరిన డిస్కులు అరుదు.

ఎంపికను భయంగా మార్చే పనిని 2006లో 'ఫైనల్ డెస్టినేషన్ 3' డిస్కు మరోవిధంగా ప్రయత్నించింది. అందులోని ఒక పద్ధతిలో సినిమా అక్కడక్కడా నిలిచి, ఇది కావాలా అది కావాలా అని అడుగుతుంది. ఇచ్చిన జవాబును బట్టి పాత్రల గతిలో కొన్ని మార్పులు వస్తాయి. ఆలోచన బాగుంది. అయితే ఆడేవాళ్లకి ఆట అనిపిస్తుంది, భయం అనిపించదు. చేతికి అధికారం ఇస్తే భయం తగ్గుతుందనీ, తీసేస్తే పెరుగుతుందనీ ఈ రెండు డిస్కులనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేటతెల్లమవుతుంది.

ఉపమెనూల విషయంలో శ్రద్ధ తక్కువ కనిపిస్తుంది. ప్రధాన మెనూ నుంచి భాష ఎంచుకునే తెరకి వెళ్లేటప్పుడు డీవీడీలో శబ్దం తెగిపోతుంది, ఒక మెనూ శబ్దాన్ని మరో మెనూలోకి తీసుకుపోయే వీలు లేదు. ఆ మధ్య రెండు మూడు క్షణాల చిన్న వీడియో పెట్టి, తలుపు తెరుచుకున్నట్టో, మెట్లు దిగినట్టో చూపిస్తే తెగు కనబడదు. ఇల్లంతా తిరిగినట్టు కూడా ఉంటుంది. సన్నివేశాలు ఎంచుకునే తెర మరింత ప్రమాదకరమైనది. ఎవరు ఎప్పుడు చచ్చిపోతారో వరసగా చిన్నచిన్న బొమ్మల్లో అక్కడ కనబడిపోతుంది. డేవిడ్ లించ్ తన 'మల్‌హాలండ్ డ్రైవ్' డీవీడీలో అసలు అధ్యాయాలే లేకుండా చేశాడు. సినిమాను మధ్యలోంచి చూడటానికి వీల్లేదన్నది ఆయన పట్టు. భయానక చిత్రాలకి ఆ పట్టు మరీ అవసరం.

కొన్ని సంస్థలు మెనూ కన్నా ముందే, డబ్బాతోనే పని మొదలుపెట్టాయి. 1981 నాటి 'ది ఈవిల్ డెడ్' సినిమాను ఆంకర్ బే సంస్థ 2002లో ప్రత్యేక ముద్రణగా తెచ్చినప్పుడు, సినిమాలోని మృతుల గ్రంథం లాంటి రబ్బరు అట్టలో డిస్కును పెట్టింది. ఆ సినిమాకి రూపాలు తయారుచేసిన టామ్ సల్లివనే ఆ అట్టను చెక్కాడు. మనిషి చర్మంలా మెత్తగా ఉండే ఆ అట్టను తెరిచిన వేళ్లకి మెనూ ఇక కొత్తగా చెప్పాల్సింది కొద్దిగానే ఉంటుంది.

2006లో బ్లూరే వచ్చాక సాంకేతిక అడ్డంకులు చాలావరకు తొలగిపోయాయి. నాలుగు రంగుల పొర పోయి 256 రంగులు వచ్చాయి, బటన్లకి సొంత చప్పుళ్లు వచ్చాయి. సినిమా నడుస్తుండగానే కింద మెనూ తెరుచుకోవటం వచ్చింది. సౌకర్యం పెరిగింది, భయం పెరగలేదు. మెనూ సినిమా మీదే తేలే పట్టీగా మారాక, అది గడపగా ఉండటం మానేసింది. చాలా సంస్థలు ప్రతి సినిమాకీ ఒకే అచ్చు మెనూ వాడటం మొదలుపెట్టాయి. ఇక స్ట్రీమింగ్‌లో గడప అన్నదే లేదు. నెట్‌ఫ్లిక్స్ 2007లో ఇంటర్నెట్లో సినిమాలు చూపించటం మొదలుపెట్టింది, 2023 సెప్టెంబరులో తపాలా ద్వారా డిస్కులు పంపటం మానేసింది. అక్కడ పాత దయ్యం కథా, పెళ్లి హాస్యమూ ఒకే సైజు బొమ్మలుగా ఒకే వరసలో కనబడతాయి. ఒక సినిమా చివర్లో భయం ఇంకా ఒంట్లోంచి దిగకముందే తర్వాతి సినిమా తనంతట తాను మొదలవుతానని అంకెలు లెక్కపెడుతుంది.

డిస్కు మెనూకి ఇప్పుడు ఎదురైన కష్టం ఇంకా పెద్దది. పాత డిస్కులను కంప్యూటర్లోకి ఎక్కించుకునేవాళ్లు ఎక్కువగా సినిమా ముక్కను మాత్రమే తీసి దాచుకుంటున్నారు. ఆ పద్ధతిలో మెనూ మిగలదు. లూపులు, కనబడని బటన్లు, రిమోట్‌ను చంపే ఆజ్ఞలు అన్నీ రాలిపోతాయి. 'ది రింగ్' సినిమా ఎన్ని చోట్ల దొరికినా, కింది బాణం నొక్కగా గుర్తు మాయమయ్యే ఆ అనుభవం డిస్కులోనే ఉంది. సినిమాను దాచేవాళ్లు డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టు ప్రతిబింబంగా దాచాలి. గ్రంథాలయాలు, చలనచిత్ర భాండాగారాలు, ఇళ్లలో పాత డిస్కుల పెట్టెలున్న సామాన్యులు కూడా ఆ పని చేయాలి. దానికి కావలసిన ఖాళీ ఒక్కో డీవీడీకి సాధారణంగా 8.5 గిగాబైట్లకి మించదు.